మీట ఒకటి, అక్షరం వేరొకటి

గంటం పట్టి తాటాకు మీద ‘క’ గీస్తే ‘క’యే పడుతుంది. కంప్యూటరు మీట సంగతి అలా కాదు. దాని మీద ఏ అక్షరం అచ్చు వేసి ఉన్నా, అది లోపలికి పంపేది ఒక అంకె మాత్రమే: ‘ఫలానా చోట ఉన్న మీట నొక్కారు’ అని. ఆ అంకెకు అర్థం చెప్పే వ్యాఖ్యాత లోపల ఉన్న కీబోర్డు అమరిక. ఇంగ్లీషులో ‘హలో’ అని రాసే అయిదు మీటలనూ తెలుగు ఇన్‌స్క్రిప్టు అమరికలో నొక్కి చూడండి. ‘పాతతద’ అని ప్రత్యక్షమవుతుంది. వేళ్ళు అవే, మీటలు అవే. వ్యాఖ్యాత మారాడు, అంతే!

ఎదురుగా ఉన్న కంప్యూటరులో అయితే ఈ చిక్కు చప్పున తెలిసిపోతుంది. ఇంట్లో కూర్చుని, ఎక్కడో ఉన్న ఆఫీసు కంప్యూటరును మన తెర మీదికి రప్పించుకుని పనిచేస్తారే, ఆ రిమోట్ డెస్క్‌టాప్‌లో కథ ముదురుతుంది. అక్కడ వ్యాఖ్యాతలు ఇద్దరు మరి: ఇక్కడొకడు, అక్కడొకడు.

మా పక్కింటి అమ్మాయి లండనులోని ఒక ఆఫీసు కంప్యూటరు మీద ఇంటి నుంచే పనిచేస్తుంది. మధ్యాహ్నం పాస్‌వర్డు కొట్టగానే లోపలికి రానిచ్చిన ఆ యంత్రం, సాయంత్రం కాఫీ తాగి వచ్చేసరికి తాళం వేసుకుంది. అదే పాస్‌వర్డు మళ్ళీ కొడితే తప్పంది. నాలుగైదుసార్లు చూసి ఖాతానే మూసేసింది. ఆ రాత్రికి చేరవలసిన జీతాల లెక్కలు చేరలేదు. పై అధికారి దృష్టిలో పిల్ల అజాగ్రత్త మనిషయింది.

“నా పాస్‌వర్డు నేనే మరిచిపోతానా, మాస్టారూ?” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మరిచిపోలేదు. మధ్యాహ్నం ఆ పాస్‌వర్డును చదివింది ఇంటి కంప్యూటరు. సాయంత్రం చదివింది లండను కంప్యూటరు. మన బజారులో దొరికే కీబోర్డులు చాలావరకు అమెరికా అమరికవి. అందులో షిఫ్టుతో 2 నొక్కితే ‘ఎట్’ గుర్తు పడుతుంది. బ్రిటిషు అమరికలో కొటేషన్ గుర్తు పడుతుంది. పాస్‌వర్డు గడిలో చుక్కలే తప్ప మరేమీ కనబడవు గనుక ఈ మార్పు ఆమె కంటబడలేదు.

మందు సులువే. దూరపు తెర మూలనున్న భాష గుర్తును నొక్కి (మన తెరది కాదు సుమా!) మన కీబోర్డుకు తగిన అమరికను ఎంచుకోవాలి. అక్కడి నోట్‌పాడులో షిఫ్టుతో 2 కొట్టి చూస్తే సరిపోయిందో లేదో తెలుస్తుంది. విండోస్ మీటనూ స్పేసునూ కలిపి నొక్కినా అమరిక మారుతుంది. కాని మామూలుగా, దూరపు తెర నిండుగా పరుచుకుని ఉన్నప్పుడే ఆ నొక్కుడు ఆవలికి చేరుతుంది. ఎప్పుడూ చేరాలంటే, కనెక్షను కలపకముందే ‘లోకల్ రిసోర్సెస్’ అనే పుటలో ఆ మాట చెప్పి ఉంచాలి. అలాగే కంట్రోలు, ఆల్టు, డిలీటు కలిపి నొక్కితే పలికేది మన యంత్రం. ఆవలిదాన్ని పిలవాలంటే డిలీటుకు బదులు ‘ఎండ్’ మీట నొక్కాలి.

మర్నాడు ఆఫీసువారు ఖాతా తెరిచారు. కారణం వివరిస్తూ అమ్మాయి నాలుగు ముక్కలు రాసి పంపింది. ఇళ్ళలో పిల్లలు ఇలాంటి ఉద్యోగాలు చేస్తున్న తలిదండ్రులకు నా మనవి ఒకటే: యంత్రం ‘తప్పు’ అన్నప్పుడు, పిల్లల జ్ఞాపకశక్తిని శంకించే ముందు కీబోర్డు అమరికను ఒకసారి శంకించండి.