ఆడేవాళ్లు కావాలి, ఆడించేవాడు వద్దు

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట కాదు. బంతిని చంకన పెట్టుకుని ఉరికే ఆట, చేత్తో విసిరే ఆట. అక్కడ పెద్ద కాలేజీ కోచ్‌కి ఉండే మర్యాద మన దగ్గర కలెక్టరుకి కూడా ఉండదు. అట్లాంటి దేశంలో ఎడ్డీ రాబిన్సన్ అనే నల్ల కోచ్ ఎట్లా బతికాడో వినండి.

1919లో లూసియానా రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి పరాయి భూమిని పాలుకు చేసేవాడు. తల్లి ఇళ్లల్లో పనిమనిషి. డిగ్రీ చదివిన మనిషికి దొరికిన పనేంటి? దాణా మిల్లులో గంటకు 25 సెంట్ల కూలి! 1941లో గ్రాంబ్లింగ్ ఊరి నల్లవాళ్ల కాలేజీలో కోచ్‌గా చేరాడు. మైదానంలో గడ్డి కోసింది ఆయనే, గీతలు గీసింది ఆయనే, పిల్లల కాళ్లకు పట్టీలు కట్టింది ఆయనే. ఆట అయ్యాక పేపర్లకు వార్త రాసిందీ ఆయనే. దారిలో హోటళ్లు నల్లపిల్లలకు తిండి పెట్టవు కాబట్టి రొట్టెలు కట్టుకుని బస్సెక్కేవాళ్లు. 1942లో 9 ఆటలాడి 9 గెలిచారు. ఎదుటివాళ్లకు ఒక్క పాయింటు ఇవ్వలేదు.

ఈ ఆటలో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. జట్టుని నడిపించేది వాడే. నల్లోడికి కండ ఉంది గానీ ఆ పనికి బుర్ర చాలదని తెల్లోళ్ల మాట. (ఈ మాట మనమెక్కడా వినలేదా?) రాబిన్సన్ దగ్గర నేర్చుకున్న డగ్ విలియమ్స్ 1988 జనవరిలో దేశమంతా చూసే సూపర్ బౌల్‌లో వాషింగ్టన్ జట్టుని 42-10తో గెలిపించాడు. నల్ల క్వార్టర్‌బ్యాక్ ఆ ఆట గెలవడం అదే మొదలు.

రాబిన్సన్ రోడ్డెక్కే మనిషి కాదు. 1967లో ఆయన కాలేజీ విద్యార్థులే, ఆట మీదున్న శ్రద్ధ చదువు మీద ఏదని సమ్మెకు దిగారు. బడిపంతులుగా నేను ఆ పిల్లల పక్షమే. అయినా ఆయన పని తక్కువది కాదు.

1985లో అలబామా కోచ్ బేర్ బ్రయంట్ పేరున ఉన్న 323 గెలుపుల రికార్డు దాటాడు. ఆ బ్రయంట్ జట్టులో 1971 దాకా నల్లవాడు పోటీకి దిగలేదు. తర్వాత దక్షిణాది తెల్ల యూనివర్సిటీలన్నీ తలుపులు తీసి, గ్రాంబ్లింగ్‌కి రావలసిన పిల్లల్ని ఏరుకుపోయాయి. మరి కోచ్ కుర్చీ? అది మాత్రం కదల్లేదు. 1997లో 408 గెలుపులతో రాబిన్సన్ దిగిపోయే నాటికీ, అలబామా ఉన్న ఆ పెద్ద యూనివర్సిటీల కూటమిలో ఒక్క నల్ల హెడ్ కోచ్ లేడు. 2003లో మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీ సిల్వెస్టర్ క్రూమ్‌ని తీసుకుంది. అదే మొదటిది. అప్పటికి రాబిన్సన్‌కి 84 ఏళ్లు.