కేథలిక్కు మంచివాడా, ప్రొటస్టెంటు మంచివాడా?

భిలాయిలో మన తెలుగువాళ్ళ మధ్య మిషనరీల మాట వస్తే రెండు వాదనలు వినబడతాయి. మిషనరీలు రాబట్టే పేదవాడికి చదువు దక్కిందని ఒకరంటారు. తెల్లదొర తన ముందు పంపిన మనిషే మిషనరీ అని మరొకరంటారు. రెండు వాదనలూ ఒక ప్రశ్నను వదిలేస్తున్నాయి. ఏ శాఖ మిషనరీ? అతని వెనుక ఏ ప్రభుత్వం వుంది?

ఇది మనకు దూరపు చరిత్ర కాదు. హథ్‌ఖోజ్ పారిశ్రామిక వాడలో ఆంధ్రా మనిషి, జశ్‌పూర్ నుండి వచ్చిన ఉరావ్, ఛత్తీస్‌గఢ్ సత్నామీ పక్కపక్కన పని చేయడం మామూలు విషయం. ఈ ముగ్గురి పూర్వీకుల బ్రతుకుల్లోనూ యూరోప్ మత కలహం వేలు పెట్టింది.

1517లో మార్టిన్ లూథర్ పోపును ధిక్కరించాడు. యూరోప్ క్రైస్తవం రెండుగా చీలింది. అంతకు ముందే, 1493లో, పోపు ఆరవ అలెగ్జాండర్ కొత్తగా దొరికిన భూములను స్పెయిన్ రాజులకు రాసిచ్చాడు. ఆ భూముల్లో వున్న మనుషులను ఎవరూ అడగలేదు! తరువాత ప్రొటస్టెంటు దేశాలు పోపుకు ఆ హక్కు లేదన్నాయి. అంటే ఆ భూములు అక్కడివారివేనని కాదు. మాకూ వాటా కావాలని.

అమెరికా ఆదివాసులను స్పెయిన్ వారు ఎలా చంపారో లాస్ కాసాస్ అనే కేథలిక్ సన్యాసి 1552లో పుస్తకం అచ్చు వేశాడు. తన రాజు కళ్ళు తెరిపించాలని అతని తాపత్రయం. అది 1578లో డచ్చి భాషలోకి, 1583లో ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పటికి డచ్చివారు స్పెయిన్ రాజుపై తిరుగుబాటు చేస్తున్నారు. చూడండి, కేథలిక్కులు ఎంత క్రూరులో అని ప్రచారం చేయడానికి ఆ పుస్తకం ఆయుధమైంది.

బాగానే వుంది. మరి ఆ డచ్చివారు మన తీరానికి వచ్చి ఏం చేశారు? 1605లో మచిలీపట్నంలో వర్తకం పెట్టారు. 1610లో పులికాట్‌లో దిగారు, 1613 నాటికి అక్కడ కోట వెలిసింది. కరువు రోజుల్లో తిండి లేక అమ్ముడుపోయిన మనుషులను కొని, ఓడలెక్కించి, ఇప్పటి జకార్తా అయిన బటేవియాకు తరలించారు. 17వ శతాబ్దంలో ఈ తీరం నుండి బానిసలుగా పోయినవారు వేల సంఖ్యలో వున్నారు. ఇంగ్లీషు ప్యూరిటన్లూ తక్కువ తినలేదు. 1637లో అమెరికాలో మిస్టిక్ అనే చోట పీక్వాట్ తెగ గ్రామానికి నిప్పు పెట్టి, ఆడవాళ్ళు, పిల్లలతో సహా వందల మందిని చంపారు. ఎదుటి శాఖ పాపాలు ఏకరువు పెట్టినంత మాత్రాన మన చేతులు శుభ్రం కావు.

ఒకే శాఖ చేతిలో రాజ్యం వుంటే ఏమవుతుందో సింహళం చూపుతుంది. పోర్చుగీసువారు అక్కడ తీరం వెంట జనాన్ని కేథలిక్కులుగా మార్చారు. 1658 నాటికి డచ్చివారు పోర్చుగీసువారిని పూర్తిగా వెళ్ళగొట్టారు. వెంటనే కేథలిక్ ప్రార్థనలు నిషేధం! నిన్న ఏ మతంలో చేరినందుకు మెచ్చుకున్నారో, ఇవాళ అదే మతంలో వున్నందుకు శిక్ష. ఫాదర్ జోసెఫ్ వాజ్ 1687లో గోవా నుండి మారువేషంలో అక్కడికి వెళ్ళి రహస్యంగా ప్రార్థనలు జరిపించాడు. చివరకు ఆయనకు చోటు దొరికింది కాండీ బౌద్ధ రాజు దగ్గర. సాటి క్రైస్తవ ప్రభుత్వం దగ్గర కాదు. గమనించండి, అదే గోవాలో 1560 నుండి 1812 వరకు, మధ్యలో కొద్ది ఏళ్ళు తప్ప, ఇంక్విజిషన్ నడిచింది. అక్కడ దెబ్బలు తిన్నవారు మతం మారిన స్థానికులే ఎక్కువ. పాత ఆచారాలు పూర్తిగా వదల్లేదని వారి మీద నేరం మోపారు.

రాజ్యం ఏ ఒక్క శాఖ గుప్పిట్లోనూ లేకపోతే? దీనికి మన పొరుగునే వున్న ఛోటానాగ్‌పూర్‌ను చూడాలి. అక్కడ పాలన ఇంగ్లీషువారిది, మిషనరీలు వేరు వేరు దేశాలవారు. 1845లో జర్మన్ లూథరన్లు రాంచీ వచ్చారు. 1869లో వారిలో చీలిక వచ్చి కొందరు ఆంగ్లికన్లలో కలిశారు. 1885లో బెల్జియం జెసూట్ లీవెన్స్ వచ్చాడు. ముండాల, ఉరావ్‌ల అసలు బాధ భూమి. జమీందార్లు, వడ్డీ వ్యాపారులు దాన్ని లాగేసుకుంటున్నారు. లీవెన్స్ వారి కోర్టు కేసులు పట్టించుకున్నాడు. వేలాది మంది అతని వైపు వెళ్ళారు. మా మందను దొంగిలిస్తున్నారని లూథరన్లు గోల పెట్టారు.

మతం మారినవారంతా మోసపోయారనేవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ రైతులు అమాయకులు కారు. భూమి కోసం ఎవరు నిలబడతారో చూసి అటు వెళ్ళారు. నిలబడకపోతే వదిలేశారు. బిర్సా ముండా చిన్నప్పుడు చాయ్‌బాసాలో లూథరన్ బడిలో చదివాడు. తరువాత మిషనరీలను వదిలేశాడు. 1899-1900లో తిరుగుబాటు నడిపి రాంచీ జైల్లో చనిపోయాడు. 1908లో ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం వచ్చింది. దాని తయారీలో జెసూట్ హాఫ్‌మన్ చేయి వుంది. కాని ఆ తిరుగుబాటు లేకపోతే ప్రభుత్వం కదిలేదా? మొదటి ప్రపంచ యుద్ధంలో హాఫ్‌మన్‌ను, జర్మన్ లూథరన్లను ఇంగ్లీషువారు పంపించి వేశారు. అప్పుడు శాఖ గుర్తు రాలేదు, శత్రుదేశం పౌరులన్నదే గుర్తుకు వచ్చింది. 1919లో లూథరన్ ఆదివాసులు తమ చర్చిని తామే నడుపుకోవడం మొదలెట్టారు.

మన తెలుగు జిల్లాల్లో మరో విడ్డూరం జరిగింది. ప్రొటస్టెంటు శాఖలు పోట్లాట తప్పించుకోవడానికి ప్రాంతాలు పంచుకున్నాయి. గుంటూరు లూథరన్లకు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులకు, బందరు ఆంగ్లికన్లకు, కాకినాడ కెనడా బాప్టిస్టులకు. 1878 జూలై 3న, కరువు వెంటనే, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. కాస్త ఉత్తరాన పుట్టివుంటే వారు లూథరన్లు అయ్యేవారు! యూరోప్‌లో తలలు తెగిన సిద్ధాంత భేదం ఇక్కడ తాలూకా సరిహద్దుగా మారింది. ఆ జనం వెదికింది బడి, గౌరవం, కరువులో గంజి. బడి వచ్చింది, అది నిజం. కులం మాత్రం చర్చిలోకి కూడా వెంట వచ్చింది.

ఇంత చరిత్రలో నాకు కనిపించేది ఒక్కటే. ఏ శాఖ దయగలది అన్న ప్రశ్న తప్పు ప్రశ్న. రాజ్యం తన చేతిలో వున్నప్పుడు ప్రతి శాఖా కర్ర పట్టుకున్నది. అది లేనప్పుడు ప్రతి శాఖా మనిషిని బ్రతిమాలవలసి వచ్చింది. మనిషికి వూపిరాడింది ఆ రెండో స్థితిలోనే. మతాన్ని ప్రభుత్వానికి దూరంగా వుంచాలని హేతువాదులు చెప్పేది అందుకే.

ఇప్పుడు మన రాష్ట్రం సంగతి చూడండి. 2025 జనవరిలో బస్తర్‌లో ఒక పాస్టర్ చనిపోతే సొంత వూరిలో పూడ్చనివ్వలేదు. మూడు వారాల పాటు శవం మార్చురీలో వుంది. సుప్రీం కోర్టులో ఇద్దరు న్యాయమూర్తులకు అభిప్రాయం కలవలేదు. సొంత పొలంలో పూడ్చుకోవచ్చునని ఒకరు, కేటాయించిన క్రైస్తవ శ్మశానంలోనే అని మరొకరు. చివరకు 20 కిలోమీటర్లకు పైగా దూరంలో వున్న క్రైస్తవ శ్మశానంలో పూడ్చమన్నారు. ఆనాడు కేథలిక్కు, ప్రొటస్టెంటు. ఈనాడు హిందూ, క్రైస్తవం. పేర్లు మారాయి. ఆదివాసి, దళితుడు ఎవరి లెక్కలో పడాలన్న తగాదా మాత్రం మారలేదు.

మా దేవుడే దయామయుడని ఎవరైనా చెబితే కాదనకండి, వాదన పెంచుకోకండి. ఒక్క ప్రశ్న అడగండి. మీ చేతికి పోలీసును, పంచాయతీని, శ్మశానాన్ని అప్పగిస్తే, మీతో ఏకీభవించని మనిషిని ఎక్కడ పూడ్చనిస్తారు? జవాబు విని, అప్పుడు ఆలోచించండి.