డేటా దక్కినంత మాత్రాన

‘సర్వర్ డౌన్’ అను మాట యర్థ మెరుగని వారు మన ఇబ్రహీంపట్నంలో నేడు లేరు. స్లాటు తీసికొని సాక్షులను వెంటబెట్టుకొని రిజిస్ట్రేషనునకు వచ్చిన రైతు మొదలు, ఆదిభట్లలో రాత్రి షిఫ్టు చేయు ఇంజనీరు వఱకు, అందఱును దానిని దైవాధీనమని సరిపెట్టుకొనుచున్నారు. పెక్కుమార్లు అది మానవుల యశ్రద్ధయే యని నా యభిప్రాయము.

2024 జూలై 19న మన జిల్లాలోని శంషాబాదు విమానాశ్రయమున కొందఱు ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేతితో వ్రాసి యీయవలసి వచ్చినది. శత్రువెవ్వడును దండెత్తలేదు; విండోస్ యంత్రముల రక్షణకై క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపు చిన్న కాన్ఫిగరేషన్ ఫైలొకటి లోపభూయిష్టమై వచ్చినది, అంతే. ఉదయము 9.39కి పంపిన దానిని 10.57కే ఉపసంహరించుకొన్నను, ఆ 78 నిమిషములలో, మైక్రోసాఫ్ట్ అంచనా ననుసరించి, 85 లక్షల యంత్రములు కుప్పకూలినవి. యంత్రమును సేఫ్ మోడులో తెఱచి ఆ ఫైలును తొలగించినచో చాలును. కాని బిట్‌లాకర్ తాళము వేసిన డిస్కునకు 48 అంకెల రికవరీ కీ కావలెను గదా! ఆ కీలను దాచిన సర్వరే పడిపోయిన చోట ఏమి చేయవలెను?

డేటాను బ్యాకప్ తీసినంతనే బాధ్యత తీరినదనుకొనువారు యంత్రపు అమరికను మఱచుచున్నారు. ఏ పోర్టు తెఱచి యుండవలెను, ఎవరికే యధికారము, ఏ డిస్కు ఎచ్చట, అర్ధరాత్రి ఏ పని దానంతట అది నడువవలెను అను సంగతులలో పెక్కు లినక్సున ‘ఈటీసీ’ యను డైరెక్టరీలోని చిన్న చిన్న ఫైళ్లలో నుండును. మన పెద్ద చెరువు నిండుగా నున్నను, ఏ తూము ఎప్పుడు ఎంత ఎత్తవలెనో యెఱిగిన నీరటి లేనిచో ఆయకట్టు తడియదు.

గిట్‌ల్యాబ్ సంస్థకు 2017 జనవరి 31న జరిగినది ఇంకను విచిత్రము. రాత్రి ప్రొద్దుపోయిన పిదప ఇంజనీరొకడు, ఒక సర్వరనుకొని మఱియొక సర్వరులోని అసలు డేటాబేసును తుడిచివేసెను. తప్పు గ్రహించి ఆపునప్పటికి సుమారు 300 గిగాబైట్లలో 4.5 మిగిలినవి. బ్యాకప్ కొఱకు వెదకగా నిల్వచోటు ఖాళీ! డేటాబేసు 9.6 వెర్షను కాగా నకలు తీయు ప్రోగ్రాము 9.2 వెర్షనుగా అమరి యుండుటచే నకలు విఫలమగుచుండెను. ఆ వైఫల్యమును తెలుపు హెచ్చరిక మెయిళ్లు సైతము, వాని అమరికలోని లోపము వలననే, తిరస్కృతములైనవి. వేఱొక పనికై ఆ యింజనీరే ఆఱు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ కాపాడినది గాని, ముందుచూపు కాదు. ఆ సంస్థ తన పరాభవమును దాచక లోకమునకు వివరముగా ప్రకటించుట మాత్రము మెచ్చదగినది. మన కార్యాలయములలో అట్టి ధైర్యము అరుదు.

కావున సర్వర్లు నడుపు పెద్దలకు నా మనవి యిది: అమరిక ఫైళ్లను ప్రతి మార్పునకు ముందు భద్రపఱచుడు, రికవరీ కీలను కాగితముపై వ్రాసి బీరువాలో నుంచుడు, ఈ నెలలోనే ఒక ఖాళీ యంత్రమును తెప్పించి, బ్యాకప్ నుండి దానిని లేపి, పట్టిన సమయమును రిజిస్టరులో వ్రాసి సంతకము చేయుడు.

— ‘పథికుడు’, ఇబ్రహీంపట్నం