మిచిగాన్‌లో బైడెన్‌కు సొంతింటి సెగ

2024 ఆరంభంలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ పనితీరు ఎలా ఉందని అడిగితే జవాబు పార్టీని బట్టి వచ్చేది. నిరుద్యోగం 4 శాతం లోపే ఉంది కదా అనేవారు డెమొక్రాట్లు. ధరలు, సరిహద్దు వలసలు, 81 ఏళ్ల వయసు సంగతేంటని రిపబ్లికన్లు నిలదీసేవారు. ఇది పాత గొడవే.

అసలు చిక్కు మిచిగాన్‌లో వచ్చింది. 2024 ఫిబ్రవరి 27న అక్కడి డెమొక్రాటిక్ ప్రైమరీలో లక్ష మందికి పైగా, దాదాపు 13 శాతం, బైడెన్‌ను కాదని ‘అన్‌కమిటెడ్’కు ఓటేశారు. మన నోటా లాంటిదే అనుకోవచ్చు. గాజాపై బాంబులు పడుతున్నా ఇజ్రాయెల్‌కు ఆయుధాలు ఆపనందుకు అరబ్, ముస్లిం కుటుంబాలు, కాలేజీ కుర్రాళ్లు చూపిన కోపమిది. 2016లో ట్రంప్ ఈ రాష్ట్రాన్ని గెలిచింది కేవలం 10,704 ఓట్లతో!

మరి 2024 నవంబర్ 5న వీళ్లేం చేస్తారన్నదే అప్పటి ప్రశ్న. ముస్లింలు ఎక్కువగా ఉన్న ఏడు దేశాల వారి రాకపై 2017లో ట్రంప్ పెట్టిన నిషేధాన్ని ఎవరూ మరచిపోలేదు. దాన్ని ఎత్తేసింది బైడెనే. అందుకే వీళ్లు ట్రంప్‌కు ఓటేస్తారని కాదు, ఇంట్లోనే కూర్చుంటారన్నదే అప్పట్లో డెమొక్రాట్ల భయం. డియర్‌బార్న్ మేయర్ అబ్దుల్లా హమూద్ జనవరిలో బైడెన్ ప్రచార మేనేజర్‌ను కలవనన్నారు. ఎన్నికలవాళ్లతో కాదు, విధానం మార్చగలవాళ్లతోనే మాట్లాడతానన్నది ఆయన పట్టు. ఫిబ్రవరిలో వైట్‌హౌస్ అధికారులే దిగివచ్చారు. బాంబులు మాత్రం ఆగలేదు.