అపార్ట్‌మెంట్లలో బ్యాటరీ బండికి మీటరేదీ?

పిల్లల చదువులకని, ఉద్యోగాలకని పల్లెలు విడిచి కర్నూలు, కడప పట్టణాల్లోని అపార్ట్‌మెంట్లలో అద్దెకు చేరినవారు ఎందరో ఉన్నారు. పెట్రోలు ఖర్చు భరించలేక వీరిలో కొందరు బ్యాటరీ స్కూటర్లు కొంటున్నారు. పల్లెలో అయితే బండిని వసారాలోని ప్లగ్గుకు తగిలించుకోవచ్చు. కాపురం మూడో అంతస్తులో, బండి కింద సెల్లారులో ఉన్నవారి గతి ఏమిటి? కిటికీలోంచి వైరు వేలాడదీయడమో, బ్యాటరీని మోసుకుని మెట్లెక్కడమో తప్పడం లేదు.

ఇది కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒకరు మరణించారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాదులో బ్యాటరీ స్కూటర్ల షోరూములో లేచిన మంటలు, పొగ పైనున్న లాడ్జిని కమ్ముకుని ఎనిమిది మందిని బలిగొన్నాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ సీమలో, ఎండన పడి వచ్చిన బండిని చల్లారకముందే అతుకుల వైరుకు తగిలించడం నిప్పుతో చెలగాటమే.

అపార్ట్‌మెంటు సంఘాల వాదనలోనూ న్యాయం లేకపోలేదు. ఉమ్మడి మీటరు నుంచి కరెంటు తీసుకుంటే బండి లేనివారు కూడా బిల్లు మోయవలసి వస్తుంది. స్కూటరుకు సుమారు మూడు యూనిట్లు చాలు గాని, కారుకు 30 యూనిట్లు, అంతకు మించి కూడా పడతాయి. రాత్రిపూట నాలుగైదు కార్లు ఒకేసారి తగిలిస్తే పాత వైరింగు తట్టుకోలేదు. అయితే దీనికి మందు అనుమతి నిరాకరించడం కాదు, విడి మీటరు పెట్టించడం.

అందుకు నిబంధనలు అనుకూలంగానే ఉన్నాయి. ఇంటి కనెక్షన్ మీదనే బండిని ఛార్జి చేసుకోవచ్చునని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరిలో స్పష్టం చేసింది. 2024 ఫిబ్రవరిలో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, కోరినవారికి ఛార్జింగ్ కోసం విడి కనెక్షన్ ఇవ్వాలి. దరఖాస్తు సక్రమంగా ఉంటే కొత్త కనెక్షన్‌కు పట్టణాల్లో 7 రోజులు, పల్లెల్లో 15 రోజులు గడువు. ఈ సంగతి ఎందరికి తెలుసు? దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ అధికారులు ప్రతి సెక్షన్ ఆఫీసులోనూ బోర్డు పెట్టి తెలియజేయడం అవసరం.

సంఘాలు సమావేశమై తీర్మానం చేసుకోవాలి. ఖర్చు బండి గలవారే భరించాలి. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియను చేత ఎర్తింగు, బ్రేకరుతో సహా పని చేయించాలి. పల్లెలో ఉంటూ పట్టణంలో ఫ్లాటు కొని అద్దెకిచ్చిన యజమానులు సమ్మతి పత్రం మీద సంతకానికి వెనుకాడరాదు. పార్కింగులో ఐదో వంతు చోటుకు ఛార్జింగ్ ఏర్పాటు ఉండాలని 2019లో సవరించిన కేంద్ర నమూనా భవన నిబంధనలు సూచించాయి. కొత్త ప్లాన్లు మంజూరు చేసే అధికారులు అది కాగితం మీదే మిగిలిపోకుండా చూడాలి.

ఓర్వకల్లు సమీపంలో గని, శకునాల గ్రామాల భూముల్లో 2017లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వెలసింది. ఎండను కరెంటుగా మార్చి ఇస్తున్న గడ్డ ఇది. ఆ కరెంటు సెల్లారు దాకా దిగడానికి ఒక మీటరు, ఒక ప్లగ్గు కరువు కారాదు.