లోటు ఏడాది కృష్ణ

కృష్ణ నీళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 811 టీఎంసీలని బచావత్ ట్రైబ్యునల్ 1973లోనే తేల్చింది. నూటికి 75 ఏళ్లు నమ్మకంగా వచ్చే నీటి మీద కట్టిన లెక్క అది. మిగతా పాతికేళ్ల మాటేమిటి? అవి జంటగా వస్తే? 2002, 2003లో అలాగే వచ్చాయి. 2015లో, 2023లో మళ్లీ లోటు చూశాం.

నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు, కనీస మట్టం 510. నీళ్లు అంతకన్నా దిగితే హైదరాబాద్ తాగునీటికి పుట్టంగండి దగ్గర అత్యవసర మోటార్లు బిగించాల్సిందే. తాగునీటికే ముందు పీట వేయాలన్న దానిపై మాకు రెండో మాట లేదు.

మా బాధంతా కాలువ చివరి రైతు గురించి. వారబందీలో తన వంతు వచ్చిన రాత్రి అతను తూము దగ్గరే మంచం వేసుకుంటాడు. లష్కరు షట్టరు ఎత్తి వెళ్లాక పైవాళ్లు ఎక్కడ అడ్డుకట్ట వేస్తారోనని టార్చిలైటుతో గట్టు వెంట తిరుగుతాడు. తెల్లారేసరికి మడి సగమైనా తడవదు. ఇంత జాగారం అతనికెందుకు? వరికి నీళ్లివ్వలేమని, ఆరుతడి పంటలకైతే ఇన్ని తడులిస్తామని నారు పోయకముందే చెప్పి, ఆ మాట మీద నిలబడితే చాలదా? నాట్లు పడ్డాక చెప్పే పొదుపు అతని అప్పు కిందే జమ అవుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల పంపకాల తగవు కృష్ణా బోర్డు ముందూ రెండో ట్రైబ్యునల్ ముందూ సాగుతూనే ఉంది. ఈ సంచిక మాత్రం తూముల దగ్గర, పిల్లకాలువల మీద, చివరి ఎకరాల్లో తిరిగి రాసింది. ఖరీఫ్ ప్రణాళిక వేసే ఇంజనీర్లు కూడా దీన్ని చదవాలని మా కోరిక.