కచిడి ధర చూసి మోసపోకండి

అంతర్వేదిలోనో, ఉప్పాడలోనో వలకు కచిడి చిక్కిందంటే మర్నాడు పత్రికలో ఫొటో ఖాయం. ఒక్క చేప లక్షలు పలికిందన్న ఆ వార్త చివర ఒక మాట మాత్రం తప్పదు: దీన్ని మందుల తయారీలో వాడతారు అని. చిక్కంతా అక్కడే. మోకాళ్ల నొప్పులతో మంచం దిగలేని పెద్దవాళ్లున్న ఇంట్లో ‘ఎంతైనా సరే, ఒకసారి తెప్పిద్దామా’ అన్న ఆలోచన వస్తుంది. చుట్టూ చేపల చెరువులే ఉన్న కలిదిండిలోనూ వస్తుంది.

కచిడి గొరక జాతి చేప. తీరం వెంట, నదులు సముద్రంలో కలిసే చోట చిన్న చేపల్ని, రొయ్యల్ని, పీతల్ని వేటాడి మీటరుకు పైగా పెరుగుతుంది. దాని కడుపులో ఒక గాలితిత్తి ఉంటుంది. నీళ్లలో తేలడానికి అదే ఆధారం. కండరాలతో దాన్ని అదిరించి డోలు కొట్టినట్టు చప్పుడు కూడా చేస్తుంది. వ్యాపారి లక్షలు పోసేది మాంసానికి కాదు, ఈ తిత్తికి. ఎండబెట్టిన తిత్తి హాంకాంగ్, చైనా మార్కెట్లకు వెళ్లి విందుల్లో సూపు అవుతుంది, అక్కడి సంప్రదాయ వైద్యంలోనూ వాడతారు. అరుదుగా దొరకడం, హోదా, నమ్మకం కలిసి పెంచిన ధర అది.

తిత్తిలో ప్రధానంగా ఉండేది కొల్లాజెన్ అనే ప్రొటీన్. తింటే అది తిన్నగా మోకాలికి పోయి అతుక్కోదు. మిగతా ప్రొటీన్లలాగే అరిగి అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. శరీరానికి తప్పనిసరైన ట్రిప్టోఫాన్ అందులో ఉండదు కూడా. ఆ లెక్కన కోడిగుడ్డే నయం. ఆపరేషన్ కుట్లకు వాడే కరిగే దారం దీంతోనే చేస్తారని కూడా చెబుతుంటారు. పాతకాలపు క్యాట్‌గట్ దారం గొర్రెల, పశువుల పేగులది. ఇప్పుడు వాడేవి ఎక్కువగా కృత్రిమ దారాలే.

నాకు వింతగా తోచేది ఇంకోటుంది. కలిదిండి, కైకలూరు చెరువుల బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో లారీలెక్కి కోల్‌కతాకు, అస్సాంకు పోతాయి. మన ఇంట్లో మాత్రం ఆదివారం కోడికూరే. ‘చెరువు చేపేగా’ అని చులకన. శీలావతిలో ప్రొటీన్ కచిడి మాంసానికి ఏమంత తీసిపోదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వారానికి కనీసం 100 నుంచి 200 గ్రాముల చేప తినమంది. ఆ కొలతకు కచిడి అక్కర్లేదు. సముద్రపు చేపే కావాలనుకుంటే కవళ్లు, కానాగంతలు తెచ్చుకోండి. గుండెకు మేలుచేసే ఒమేగా-3 వాటిలో బాగా ఉంటుంది. చేపల్ని తిని బతికే పెద్ద చేపల్లో పాదరసం పేరుకునే అవకాశం ఎక్కువ కాబట్టి గర్భిణులకు చిన్న చేపలే మంచివి.

చెరువుల్లో మందులు వాడతారన్న భయం మీకుంటే అది ఉత్త భయమేమీ కాదు. విదేశాలకు పంపే రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నాయేమోనని పరీక్షిస్తారు. మన సంతలో అమ్మే చేపకూ ఆ పరీక్ష ఉండాలని అధికారుల్ని అడగండి, గట్టిగానే అడగండి. ఈలోగా కొనేటప్పుడు మొప్పలు ఎత్తి చూడండి: ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే కండ గుంట పడకూడదు. ఇంటికి తెచ్చాక నూనెలో వేపుడు కన్నా పులుసు పెట్టండి.